పుస్తకంలో మూడో వరస

అన్నయ్య పోయిన రోజు పొద్దున జీపు నాలుగు అంగుళాలు పైకి లేచింది. కమాను పట్టీలు మార్చి, కింద ఇనుప దిమ్మలు బిగించి, మెకానిక్ అన్న జాకీలు తీసేశాడు. అన్నయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, షెడ్డులో గోడవార బల్ల మీద కూర్చుని, "పొట్టి కాళ్ళ మీద పొడుగు మనిషిలా ఉంది. టైర్లు మార్చాలి" అన్నాడట. ఏ సైజు అని అడిగితే, "తేల్చేశాలే, టీ తాగి చెప్తా" అన్నాడట. గ్లాసులో టీ సగం అలాగే ఉండిపోయింది. నేను వెళ్ళేసరికి మెకానిక్ అన్న ఆ గ్లాసు నా చేతికిచ్చాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తనే తీసుకున్నాడు.

ఆ రోజు గురించి నేను ఇంతకంటే రాయను.

అన్నయ్య జలాశయం ఆఫీసులో వానలు కొలిచేవాడు. ఇనుప వంతెన దాటాక కొండల్లోకి వెళ్ళే మట్టిదారి పొడుగునా ఏడు వానగొట్టాలున్నాయి. మోకాలెత్తు ఇనుప గొట్టం, లోపల సీసా, పడ్డ నీళ్ళు ఆవిరైపోకుండా పైన పల్చగా నూనె పొర. నెలకొకసారి, ఒకటో తారీఖుకీ అయిదో తారీఖుకీ మధ్య, ఆ నీళ్ళను గాజు కొలపాత్రలో పోసి ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోవాలి. సీసా ఖాళీ చేసి, మళ్ళీ చెంచాడు నూనె వేసి రావాలి. ఉద్యోగం అయిపోయాక కూడా ఈ ఒక్క పని ఆయన వదల్లేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క నెల ఖాళీ లేదు.

పోయిన వానాకాలంలో నాలుగో గొట్టానికీ అయిదోదానికీ మధ్య కొండచరియ జారింది. దారి రాళ్ళవాగులా తయారైంది. అన్నయ్య జీపు అక్కడ ఆపి, పై మూడు గొట్టాలకీ నడిచి వెళ్ళేవాడు. పోనూ రానూ పదహారు కిలోమీటర్లు. డాక్టరు ఆ నడక మానమన్నాడు. అన్నయ్య మానలేదు, జీపును పైకి లేపించాడు. మిగిలింది టైర్లే.

నాకు ఇవన్నీ తెలుసు గానీ, వాటిలో నా పని ఏమైనా ఉందని అనుకోలేదు. నేను లెక్కల టీచరుని. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. నెలాఖరుకి వదిన వంటింట్లోకి పిలిచి, పప్పుల డబ్బాల వెనక నుంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆఫీసు నుంచి ఫోనొచ్చింది" అంది. "ఈ నెల కొలతలు రాకపోతే పై మూడూ పీకేస్తారట. కింది నాలుగు చాలంటున్నారు."

"వాళ్ళ మనుషుల్ని పంపొచ్చుగా?"

"రాళ్ళ దగ్గరికి వచ్చి చూసి వెనక్కి పోయారట. ఎక్కలేం అన్నారు." వదిన స్టవ్ మీది గిన్నె దించి, మూత పెట్టి, మళ్ళీ తీసింది. "పంతొమ్మిదేళ్ళు ఒక్కసారి కూడా ఆ పుస్తకంలో ఖాళీ గడి చూడలేదు నేను. కూరగాయలు తెమ్మంటే ఏడు సార్లు చెప్పాలి. దీనికి మాత్రం ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. ఇంటి నుంచి షెడ్డుకి ఆరు వందల నలభై అంగలు అని లెక్కపెట్టుకుంటూ పోయే మనిషి, బజారుకి పోవాలంటే మాత్రం మోకాళ్ళ నొప్పి."

నేను నవ్వాను. వదిన కూడా నవ్వబోయి, చీర కొంగుతో గిన్నె మూత తుడిచింది. అది తుడవనవసరం లేనిది.

"జీపు నీకు అలవాటేగా, పంతులమ్మా" అంది.

అలవాటే. నాకు బండి నేర్పింది అన్నయ్య, ఆ జీపు మీదే. వెళ్తానన్నాను. ఆ మాట అన్నాక చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది.

టైర్ల షాపు నడిపే ఆమెను ఊళ్ళో అందరూ టైరక్క అంటారు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివింది. మెకానిక్ అన్నా నేనూ వెళ్ళేసరికి ఆమె కౌంటరు మీద మోచేతులు ఆనించి ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. నన్ను చూసి ఫోను పెట్టేసి నిలబడింది.

"కూర్చో, కూర్చో" అన్నాను.

"మీ ముందు కూర్చుంటే కాళ్ళు వణుకుతాయి టీచర్. వృత్తం చుట్టుకొలత చెప్పలేదని గోడకుర్చీ వేయించారు. ఇప్పుడు చూడండి, పొద్దున లేస్తే చుట్టుకొలతలే అమ్ముకుంటున్నాను."

"చెప్పు మరి, ఎంత?"

"పై ఇంటూ వ్యాసం" అంది వెంటనే. "ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా."

మెకానిక్ అన్న గొంతు సవరించుకున్నాడు. "పాఠం అయిందా? చెల్లెమ్మా, నా మాట విను. ముప్ఫై మూడు అంగుళాలు. బురద టైర్లు. ఇంతింత దిమ్మలుంటాయి వాటికి. నాలుగంగుళాలు లేపిన బండికి అంతకంటే చిన్నవి వేస్తే నా పనికే అవమానం."

"మీ పని అందంగా కనబడ్డానికా టైర్లు, కొండెక్కడానికా?" అంది టైరక్క. "ఇప్పుడున్నవి ముప్ఫై. ముప్ఫై ఒకటి వేస్తే ఏ గొడవా లేదు. ముప్ఫై రెండు వేస్తే చూసి వెయ్యాలి. ముప్ఫై మూడు వేస్తే నా షాపుకి మళ్ళీ మళ్ళీ వస్తారు, నాకు సంతోషమే."

"మూడంగుళాలు పెద్దదైతే బండి మూడంగుళాలు పైకెళ్తుంది. రాయి కింద నుంచి జారిపోతుంది" అన్నాడు మెకానిక్ అన్న.

"మూడు కాదు అన్నా" అన్నాను. "టైరు మధ్యలో ఇరుసు ఉంటుంది. పెరిగిన దాంట్లో సగం పైకి పోతుంది, సగమే ఇరుసు కిందికి వస్తుంది. ముప్ఫై మూడుకి ఒకటిన్నర. ముప్ఫై రెండుకి ఒకటి. ఆ రెంటికీ తేడా అరంగుళం."

మెకానిక్ అన్న వేళ్ళతో గాలిలో ఒక టైరు గీసి, మధ్యలో చుక్క పెట్టి చూసుకున్నాడు. "అరంగుళం కూడా అంగుళంలో సగమే కదా" అన్నాడు చివరికి.

"గోడకుర్చీ వేయించండి టీచర్" అంది టైరక్క.

అన్నయ్య ఏది అనుకున్నాడో ఇద్దరికీ తెలియదు. "రెండుసార్లు వచ్చారు" అంది టైరక్క గొంతు తగ్గించి. "ఇవన్నీ వరసగా చూశారు. వేలు పెట్టి ఒక్కటీ చూపించలేదు. నవ్వి వెళ్ళిపోయారు." నేను ఒక రోజు గడువు అడిగాను. ఆయన ఏది తేల్చుకున్నాడో తెలిస్తే అదే కొందామని నా ఆలోచన. అప్పటికి నాకు అంతకు మించిన ఆలోచన లేదు.

ఆ సాయంత్రం పేపర్ల కట్ట పక్కకి నెట్టి పుస్తకం తెరిచాను. వానగొట్టాలు దారి మీంచి కనిపించవు. కనిపిస్తే మేకలు పడదోస్తాయి, లేదా ఎవరైనా ఇనుము కోసం పీక్కుపోతారు. అందుకని అన్నయ్య ఇనుప వంతెన దగ్గర జీపు మీటరు సున్నా చేసి, ఏ గొట్టం ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఉందో రాసుకున్నాడు. మూడోది 11.0, ఎడమవైపు, ముప్ఫై అంగలు లోపలికి. అయిదోది 22.0, కుడివైపు. ఆరోది 25.3, మళ్ళీ ఎడమ. గడ్డి ఎంత ఎత్తు పెరిగినా ఆ అంకె దగ్గర దిగి లోపలికి నడిస్తే గొట్టం కాలికి తగులుతుంది.

నీలం సిరాతో రాసిన ఆ వరస పక్కన పెన్సిలుతో ఇంకో వరస ఉంది. మూడోది 10.0. అయిదోది 20.0. ఆరోది 23.0.

నేను ఏళ్ళ తరబడి పిల్లల లెక్కలు చూసినదాన్ని. రెండు వరసలు పక్కపక్కన కనబడితే ఒకదాన్ని ఇంకోదానితో భాగించకుండా ఉండలేను. ప్రతి చోటా ఒకటే జవాబు. పదకొండుకి పది. పెద్ద టైరు ఒకసారి తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం ఎన్నిసార్లు తిరిగిందో అంతే లెక్కపెడుతుంది. కాబట్టి అంతే దూరానికి తక్కువ అంకె చూపిస్తుంది. ముప్ఫై అంగుళాల టైరుకి పదకొండు చూపించిన చోట పది చూపించాలంటే, కొత్త టైరు ముప్ఫై మూడు ఉండాలి.

టైర్లు కొనకముందే ఆయన వాటి దూరాలు రాసి పెట్టుకున్నాడు. నేను పెన్సిలు అంకెల మీద చెయ్యి పెట్టాను. ఆయన టీ తాగి చెప్తానన్న మాట నాకు అందింది.

మర్నాడు మెకానిక్ అన్నకి చెబితే ఛాతీ విరుచుకున్నాడు. "నేను చెప్పలా? వాడి మనసు నాకు తెలుసు. ఇదే నేల మీద ఇద్దరం కూర్చుని ఏ సైజు దాకా పడుతుందో టేపు పెట్టి కొలిచాం, ముప్ఫై మూడు వేసినా ఎక్కడా తగలదని తేల్చాం."

ఆ నేల గురించి చెప్పాలి. మెకానిక్ అన్న షెడ్డు నేల ఆయనే స్వయంగా పోసుకున్నాడు. నీటి మట్టం పెట్టి, మూడు రోజులు సరిచేసి. కొత్తగా వచ్చిన వాళ్ళెవరికైనా ముందు ఒక గాజు గోళీ నేల మీద పెట్టి చూపిస్తాడు. గోళీ కదలదు. ఊళ్ళో ఇలాంటి నేల ఇంకోటి లేదంటాడు. నిజమే.

టైరక్క ముందు చక్రాలకి ముప్ఫై మూడు బిగించి చూద్దామని రెండు పంపించి, వెనకే తనూ వచ్చింది. "టీచర్, మీ సంచీలో సుద్దముక్క ఉందా?" అంది. లేకుండా ఎలా ఉంటుంది. ఆమె ఆ సుద్దను టైరు అంచుల నిండా దట్టంగా రుద్దింది. "ఇప్పుడు స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ఎక్కడ తగిలితే అక్కడ తెల్లగా అంటుకుంటుంది. కళ్ళు అబద్ధం చెప్పొచ్చు గానీ సుద్ద చెప్పదు."

నేనెక్కి తిప్పాను. మెకానిక్ అన్న టార్చి పట్టుకుని కింద దూరాడు. ఎక్కడా తెలుపు లేదు.

"అయిపోయింది" అన్నాడు బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ. "నాలుగు చక్రాలకీ బిగించెయ్యి తల్లీ."

నేను దిగలేదు. విండ్‌షీల్డులోంచి ఆ నున్నటి నేల కనిపిస్తోంది. మూల గోళీ పెట్టినచోటే ఉంది.

"అన్నా, ఆ దారిలో ఇలాంటి నేల ఎక్కడుంది?" అన్నాను.

టైరక్క ముందుగా కదిలి, గోడవార ఉన్న చెక్క దిమ్మలు మూడు లాక్కొచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చింది. లో గేరులో మెల్లగా ఎడమ ముందు చక్రాన్ని వాటి మీదికి ఎక్కించాను. బండి ఒక పక్కకి ఒరిగి, ఆ చక్రం మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయింది. స్టీరింగు తిప్పాను. ఏదో బరబరమంది.

మెకానిక్ అన్న ఈసారి కింద చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి టార్చి నా చేతికిచ్చాడు. నేను పడుకుని చూశాను. మడ్‌గార్డు లోపల అరచెయ్యంత మేర తెల్లగా ఉంది. అది కోసేస్తే పోతుంది. దాని పక్కనే బ్రేకు గొట్టం. నల్లటి రబ్బరు గొట్టం మీద, వేలి పొడవున, తెల్లటి గీత.

"పది రాళ్ళు ఎక్కితే తెగేది" అన్నాడు ఆయన. బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చోబోయి, ఆ బల్ల మీద కూర్చోకుండా పక్కన నిలబడ్డాడు. "నా నేల మీద అన్నీ సరిపోతాయి చెల్లెమ్మా. అదే దీని జబ్బు. వాడూ నేనూ దీని మీదే కొలిచాం."

"ఇంకో రెండంగుళాలు లేపితే?" అంది టైరక్క, ఆయన్ని ఓదార్చడానికే అడిగినట్టు.

"లేపితే పక్కవాలు దగ్గర బోర్లా పడుతుంది. వద్దు."

ముప్ఫై రెండు తెప్పించాం. మళ్ళీ సుద్ద, మళ్ళీ దిమ్మలు. మడ్‌గార్డు అంచున ఒక చోట సన్నటి గీత. బ్రేకు గొట్టం నల్లగా, శుభ్రంగా ఉంది. ఆ అంచును మెకానిక్ అన్న సుత్తితో లోపలికి మడిచాడు. చక్రం మరీ లోపలికి నొక్కుకుపోకుండా కింద ఆనుకునే రబ్బరు దిమ్మ ఒకటి ఎత్తుది మార్చాడు. మళ్ళీ సుద్ద రుద్దాం. ఎక్కడా లేదు. పెద్ద దిమ్మల బురద టైర్లు వద్దన్నాను. అక్కడున్నది రాయి. రాయి దిమ్మల్ని ముక్కలుగా పీకుతుంది. గాడులు ఒత్తుగా ఉండి, పక్క భాగం మందంగా ఉన్నవి ఎంచుకున్నాను. ఎవరినీ అడగలేదు. టైరక్క తలూపి, "నాలుగు కాదు టీచర్, అయిదు" అంది. "స్టెప్నీ పాతదే ఉంచితే, కొండ మీద ఒక కాలు కురచ."

అంతా అయ్యాక గుర్తొచ్చింది. పెన్సిలు వరస ఇప్పుడు పనికిరాదు.

నిజం చెప్పాలంటే ఆ రోజంతా నాకు కష్టంగా గడిచింది. బ్రేకు గొట్టం మీది గీత చూశాక నా నిర్ణయం మీద నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆయన చేత్తో చివరిగా రాసిన అంకెలు అవి. పిల్లల పేపర్లలో ఎర్ర సిరాతో వేల అంకెలు కొట్టేసిన దాన్ని, వాటి మీద గీత పెట్టలేకపోయాను. పెట్టవలసిన అవసరమూ లేదు. పక్కన చోటుంది. స్కేలు పెట్టి మూడో వరస గీసుకున్నాను. మూడోది 10.3. అయిదోది 20.6. ఆరోది 23.7.

వదిన భుజం మీంచి చూసింది. "తప్పు దిద్దావా?"

"లేదు. పక్కన రాశాను."

"ఆయనకి తెలిస్తే?"

"ఎలా తేల్చావని అడుగుతాడు. సుద్దతో అని చెప్తాను."

వదిన పుస్తకం తీసుకుని మూడు వరసలూ వేలితో చదివింది. "నీ అంకెలు మరీ గుండ్రంగా ఉంటాయి. ఆయనవి గీకుడు" అంది. అంతే అంది.

మూడో తారీఖు పొద్దున బయల్దేరాం, నేనూ మెకానిక్ అన్నా. వంతెన మీద మీటరు సున్నా చేశాను. 10.3 దగ్గర ఆపి, ఎడమకి దిగి, గడ్డిలో ముప్ఫై అంగలు వేస్తే గొట్టం కాలికి తగిలింది. మెకానిక్ అన్న నా వైపు చూసి, "బడిలో నాకూ నీలాంటి టీచరు ఉండుంటే..." అన్నాడు.

"ఉండుంటే?"

"గోడకుర్చీలో కూర్చునే ముసలాణ్ణయ్యేవాణ్ణి."

రాళ్ళ దగ్గర దిగి నాలుగు టైర్లలో గాలి తగ్గించాం. టైరు కొంచెం మెత్తబడితే రాయిని పట్టుకుంటుంది. లో గేరు వేసి, కాలు ఎక్సలరేటరు మీద ఉందో లేదో అన్నట్టు ఉంచాను. అన్నయ్య నేర్పింది అదే. తోయకు, పాకనివ్వు, అనేవాడు. మెకానిక్ అన్న ముందు నడుస్తూ చేత్తో ఎడమ, కుడి చూపించాడు. ఒక్కో రాయి మీద చక్రం ఎక్కుతుంటే పక్క అద్దంలో ఆకాశం ఒరిగేది. నేను చెవులు రిక్కించి వింటున్నాను. బరబరమనలేదు. కింద ఇరుసు ఒకే ఒక్కచోట రాయిని గీరింది. అవతలి ఒడ్డున దిగి చూశాం. గీరినచోట పెయింటు పోయింది, అంతే.

"అరంగుళం" అన్నాడు మెకానిక్ అన్న, ఆ గీత చూసి, ఏదో నిరూపించినట్టు.

"పెయింటు నేను వేయిస్తాను అన్నా."

అయిదోది 20.6 దగ్గర, ఆరోది 23.7 దగ్గర దొరికాయి. సీసాల్లో నీళ్ళు కొలపాత్రలో పోసి, కంటి ఎత్తుకి పట్టుకుని, అంచు చూసి రాశాను. ఆరు కొలతలు. ఆరు గడులు నిండాయి.

ఏడోదానికి మీటరు అంకె లేదు. పాత గొట్టం అదే వానాకాలంలో అక్కడ జారిన ఇంకో చరియతో పాటు పోయింది. అన్నయ్య కొత్తది పాతి, రాసుకున్నది ఒకటే మాట: కొత్త చోటు, ఆరు నుంచి బండ వెంట పైకి, 1,150 అంగలు. అక్కడికి దారి లేదు, నడవాల్సిందే. నేను లెక్కపెడుతూ నడిచాను. 1,150 దగ్గర ఆగితే చుట్టూ గడ్డి తప్ప ఏమీ లేదు. మెకానిక్ అన్న తన అంగలతో నడిచి నాకు చాలా పైన ఆగి, అక్కడి నుంచి చెయ్యి ఊపాడు. ఆయన దగ్గరా గొట్టం లేదు. ఇద్దరి మధ్యా నడుమెత్తు గడ్డి. రెండు గంటలు కాళ్ళతో తడుముతూ వెతికాం. వెలుతురు తగ్గకముందే రాళ్ళు దాటాలని మెకానిక్ అన్న అన్నాడు. ఆయన మాట సరైనది.

తిరిగొస్తూ అర్థమైంది. నా అంగ చిన్న టైరు, మెకానిక్ అన్న అంగ పెద్ద టైరు. అన్నయ్య అంగ ఎంతో తెలిస్తే గొట్టం ఎక్కడుందో తెలుస్తుంది. ఇంటి నుంచి షెడ్డుకి ఆయన లెక్క ఆరు వందల నలభై. ఆ దూరాన్ని టేపుతో కొలిచి ఆరు వందల నలభైతో భాగిస్తే చాలు. మెకానిక్ అన్నకి చెప్పాను. రేపు పొద్దున్నే యాభై మీటర్ల టేపు తెస్తానన్నాడు. ఇంటికొచ్చి చెబితే, రెండో చివర తను పట్టుకుంటానని వదిన అంది.

గడువు ఇంకా రెండు రోజులుంది. గుమ్మం నుంచి షెడ్డు దాకా ఇంకా కొలవలేదు. ఏడో గడి ఖాళీగా ఉంది.